ఘాటు మనది... గల్లాపెట్టె ఎవరిది?

చిప్స్ ప్యాకెట్ ఒకటి తీసుకుని వెనక్కి తిప్పి చూడండి. చీమ తలకాయంత అక్షరాల్లో అందులో ఏమేం కలిపారో రాసి ఉంటుంది. బంగాళదుంప, నూనె, ఉప్పు... అలా చదువుకుంటూ పోతే చాలా ప్యాకెట్ల మీద ‘160సి’ అనే అంకె కనిపిస్తుంది. అదేదో రసాయనం కాబోలని కంగారు పడక్కర్లేదు. అది మిరపకాయే! ఎండుమిర్చిలోంచి రంగును మాత్రం పిండి తీసి, డ్రమ్ముల్లో నింపి దేశదేశాలకూ అమ్మే సారం.

ఒక్క చిప్సేనా... సాసులు, నూడుల్స్ మసాలా, చీజ్, విదేశీయులు ఇష్టంగా తినే మాంసం సాసేజ్‌లు, చివరికి లిప్‌స్టిక్ దాకా ఈ ఎరుపు వెళుతోంది. గుడ్డులో పచ్చసొన నిండు నారింజ రంగులో ఉండాలని కోళ్ల దాణాలోనూ కలుపుతారు. ఘాటుది వేరే దారి. దాన్ని విడిగా తీసి నొప్పుల మందుల్లో వేస్తారు, పెప్పర్ స్ప్రేల్లో నింపుతారు. మనకు పచ్చట్లోకీ పులుసులోకీ పనికొచ్చే కాయలో పరిశ్రమకు మాత్రం రెండు వేర్వేరు సరుకులు కనిపిస్తాయి... రంగు ఒకటి, కారం ఒకటి. రెండూ కలిసి ఉన్న చిక్కటి సారాన్ని ఓలియోరెసిన్ అంటారు.

తయారీ చెప్పుకోవడానికి తేలికే. తొడిమ తీసిన ఎండుమిర్చిని పొడి చేసి, గుళికలుగా నొక్కి, హెక్సేన్ లాంటి ద్రావణిలో తడుపుతారు. రంగూ కారం అందులోకి దిగిపోతాయి. ఆ ద్రావణిని ఆవిరి చేసి, ఆవిరిని మళ్లీ పట్టి వాడుకుంటారు. అడుగున మిగిలేది తేనెలా సాగే ఎర్రటి సారం... కాయ బరువులో సుమారు పదో వంతు. ఇంకో విడత శుద్ధి చేస్తే రంగూ కారం దేనికది విడిపోతాయి.

మిరప పుట్టింది ఎక్కడో దక్షిణ అమెరికాలో. పోర్చుగీసువారి ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. అయినా ఇప్పుడు దాని మెట్టినిల్లు ఏదంటే గుంటూరు, పల్నాడు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ పేర్లే చెప్పాలి. ప్రపంచంలో ఎండుమిర్చి ఎక్కువగా పండించేదీ, ఎగుమతి చేసేదీ భారతదేశమే. అందులో సగానికి పైగా పంట రెండు తెలుగు రాష్ట్రాలది. 2023-24లో దేశం నుంచి సుమారు 6 లక్షల టన్నుల మిర్చి ఎగుమతైంది. దాని విలువ 12 వేల కోట్ల రూపాయల పైమాటే. ఎక్కువగా కొన్నది చైనా. అక్కడికి వెళ్లే మన తేజ రకం కాయలో బోలెడంత మళ్లీ ఫ్యాక్టరీల్లో సారంగా మారుతుంది. మన దేశం నుంచి ఓలియోరెసిన్లూ వెళుతున్నాయి. టన్నుల లెక్కలో అవి వేలల్లోనే ఉంటాయి, డబ్బు లెక్కలో మాత్రం వేల కోట్లు. అందులో సింహభాగం కేరళలో స్థిరపడ్డ కంపెనీలది.

మిరప చేను గుంటూరులో ఉంటే సారం తీసే పొయ్యి కొచ్చిలో ఎందుకు రాజుకుంది?

మిరియాల దారిలో వచ్చిన మిరప

కేరళవాళ్లు ఈ పని మొదలుపెట్టింది మిరప కోసం కాదు. వాళ్లకు మిరియాలున్నాయి, అల్లం ఉంది, ఓడరేవు ఉంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సీఎఫ్‌టీఆర్‌ఐ) ఓలియోరెసిన్ల మీద చేసిన కృషి ఉంది. 1972లో కోలంచేరి దగ్గర సి.వి.జాకబ్ సింథైట్‌ను ప్రారంభించారు. తర్వాత మరికొన్ని కంపెనీలు వచ్చాయి. సుగంధద్రవ్యాల బోర్డు ప్రధాన కార్యాలయం కూడా కొచ్చిలోనే ఉంది. మిరియాల కోసం సిద్ధం చేసుకున్న యంత్రాలూ, కొనుగోలుదారులతో పరిచయాలూ మిరపకూ పనికొచ్చాయి. కర్ణాటక బ్యాడిగి నుంచీ, గుంటూరు నుంచీ కాయ లారీలెక్కి అక్కడికి వెళ్లింది.

చైనా కథ ఇంకాస్త ఆసక్తిగా ఉంటుంది. హెబె రాష్ట్రంలో ఓ మారుమూల జిల్లాలో 2000లో పుట్టిన చెన్‌గ్వాంగ్ అనే కంపెనీ ఇరవై ఏళ్లు తిరిగేలోగా మిరప రంగు తయారీలో ప్రపంచంలోనే అగ్రస్థానానికి చేరింది. రంగు ఎక్కువ, కారం తక్కువ ఉండే మిరపను షింజియాంగ్‌లో వేల ఎకరాల్లో వేయించారు. అక్కడ కోత కూడా యంత్రాలతోనే. వానల్లేని ఎడారి గాలికి కాయ చక్కగా ఎండుతుంది. రంగుకైతే సొంత పంట ఉంది, మరి ఘాటు? దానికోసం మన తేజ కావాల్సి వచ్చింది. కాయ ఎక్కువగా దొరికే చోటికే వెళదామని ఆ కంపెనీ ఖమ్మం జిల్లాలో ఏకంగా యూనిట్టే పెట్టుకుంది. మన పంటలో ఏముందో హెబెవాళ్లకు బాగానే తెలిసింది.

అలాగని ఇక్కడేమీ లేదనకూడదు. పల్నాడు జిల్లా ఎడ్లపాడు మండలం వంకాయలపాడులో సుగంధద్రవ్యాల పార్కు ఉంది. ఆ ఊళ్లోనే ఐటీసీ సంస్థ రూ.200 కోట్లతో కట్టిన మసాలా దినుసుల కర్మాగారం 2022 నవంబరులో ప్రారంభమైంది. శుద్ధి చేయడం, పొడి కొట్టడం లాంటి పనులు పెరిగాయి. లాం ఫారంలో దశాబ్దాలుగా మిరప పరిశోధన జరుగుతోంది. లేనిదల్లా వీటన్నింటినీ చేనుతో కలిపే దారి.

కొనేది కాయను కాదు!

ప్రభుత్వాలు మారినా ఆహారశుద్ధి విధానం ప్రకటించే తీరు మారదు. స్థలం, విద్యుత్తు రాయితీ, పెట్టుబడి మీద సబ్సిడీ, ప్రారంభోత్సవం... 2008లో మొదలైన మెగా ఫుడ్‌పార్కుల పథకంలో ఒక్కో పార్కుకు కేంద్రం 50 కోట్ల వరకూ ఇచ్చింది. చాలాచోట్ల గోడలు లేచినంత వేగంగా యంత్రాలు రాలేదు. 2021లో ఆ పథకాన్నే ఆపేశారు. అదే ఏడాది రూ.10,900 కోట్లతో ఉత్పత్తితో ముడిపడిన ప్రోత్సాహక పథకం వచ్చింది. వండుకోవడానికీ తినడానికీ సిద్ధంగా ఉండే పదార్థాలు, శుద్ధిచేసిన పండ్లు-కూరగాయలు, సముద్ర ఉత్పత్తులు, మొజరెల్లా చీజ్... దాంట్లో ప్రధానంగా చోటు దక్కింది ఈ నాలుగింటికి. మొజరెల్లాకున్న భాగ్యం మిరప సారానికి లేకపోయింది! చిన్న యూనిట్లకోసం 2020లో పెట్టిన పథకంలో 35 శాతం సబ్సిడీ ఉంది కానీ గరిష్ఠం 10 లక్షలే. కారం మిల్లుకూ పచ్చళ్ల తయారీకీ అది మంచి ఆసరా. హెక్సేన్‌తో చేసే పనికి మాత్రం చాలదు. నిప్పురవ్వ తగిలితే పేలిపోయే ద్రావణి అది. అనుమతులూ, అగ్నిమాపక ఏర్పాట్లూ, ఆవిరిని పట్టే యంత్రాలూ లేకుండా ఇంటి పెరట్లో పెట్టుకునే పరిశ్రమ కాదు.

అన్నీ సమకూరి, ఫ్యాక్టరీ వచ్చిందనే అనుకుందాం. అప్పుడు మొదలవుతుంది అసలు చిక్కు. సారం తీసేవాడు కొనేది కాయ బరువును కాదు, కాయలోని రంగునీ కారాన్నీ. రంగును ‘ఆస్టా’ అనే ప్రమాణంలో కొలుస్తారు. కారాన్ని 1912లో విల్బర్ స్కోవిల్ చూపిన పద్ధతి నుంచి వచ్చిన యూనిట్లలో చెబుతారు. బ్యాడిగి కాయకు రంగు విలువ 150 దాటుతుంది, కారం నామమాత్రం. తేజకు కారం లక్ష యూనిట్ల దాకా వెళుతుంది, రంగులో బ్యాడిగికి సరితూగదు. ఒకే రకంలో కూడా మొదటి కోతకూ ఆఖరి కోతకూ తేడా ఉంటుంది.

మరి మన యార్డులో కొనేదెలా? బస్తా కోసి గుప్పెడు కాయ బయటికి తీస్తారు. రంగు చూస్తారు, విరిచి చూస్తారు, గింజ గలగలమంటోందో లేదో వింటారు. తాలుకాయ ఎంతుందో అంచనా వేస్తారు. దశాబ్దాల అనుభవం ఉన్న కళ్లు అవి, వాటిని తక్కువ చేసి మాట్లాడటానికి లేదు. కానీ పురుగుమందు అవశేషం ఏ కంటికీ కనిపించదు. మందులు పొదుపుగా కొట్టి, జాగ్రత్తగా ఎండబెట్టిన రైతు బస్తా, పక్కవాడి బస్తా ఒకే ధరకు పోతాయి. పోయి ఒకే గోదాములో కలిసిపోతాయి. జెండా పాట పలికిన బస్తా మాట అలా ఉంచండి, మిగతావాళ్లకు శుభ్రతకంటూ విడిగా రేటేదీ లేనప్పుడు ఆ జాగ్రత్త ఎందుకు పడాలి?

ఎరుపును కంటితో కొనేచోట ఎరుపు పూయాలన్న బుద్ధి కూడా పుడుతుంది. 2003లో ఫ్రాన్స్ అధికారులు భారత్ నుంచి వెళ్లిన మిర్చి సరుకులో సూడాన్-1 అనే రంగును పట్టుకున్నారు. అది బూట్ల పాలిష్‌లో వాడే రంగు. ఐరోపా మొత్తం తనిఖీలు బిగించింది. అయినా, అంతకుముందే చేరిన కారం ఒక సాసులో కలిసింది. ఆ సాసు మరెన్నో పదార్థాల్లో కలిసింది. 2005 ఫిబ్రవరిలో బ్రిటన్ దుకాణాల నుంచి 400కు పైగా రకాల ఆహార పదార్థాలను వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ దెబ్బకు మన సుగంధద్రవ్యాల బోర్డు ఎగుమతి సరుకుకు పరీక్షలు తప్పనిసరి చేసింది. గుంటూరులో ప్రయోగశాల కూడా వచ్చింది. మంచిదే. కాకపోతే ఆ పరీక్ష జరిగేది ఎగుమతిదారు సరుకు సిద్ధం చేసుకున్నాక. అప్పటికి కాయ ఎవరి కల్లంలోంచి వచ్చిందో చెప్పగలిగేవారుండరు.

కల్లం దగ్గరే గెలుపోటములు

జనవరి, ఫిబ్రవరి నెలల్లో పల్నాడు వైపు వెళితే రోడ్డు పొడవునా నేల ఎర్రటి దుప్పటి కప్పుకున్నట్టు ఉంటుంది. చూడ్డానికి ఎంత బావుంటుందో! కానీ మిర్చికి ఆ పది, పదిహేను రోజులే గండం. పగలు ఎండ, రాత్రి మంచు. పరదా కప్పడం ఒక్క పూట ఆలస్యమైతే కాయ చెమ్మగిల్లుతుంది. వట్టి నేల మీద పోస్తే మట్టి, పేడ, కుక్కలు, కోళ్లు... చెప్పేదేముంది! ఎండిపోయిన కాయ తొక్కుడులో నుజ్జవకుండా బస్తాల్లోకి ఎత్తేముందు నీళ్లు చల్లే అలవాటొకటి. తూకమూ కాస్త పెరుగుతుందని కొందరు చెయ్యి పెద్దది చేస్తారు. ఆ చెమ్మే బూజుకు ఊపిరి. బూజు వదిలే విషం అఫ్లాటాక్సిన్. కిలో మిర్చిలో అది 10 మైక్రోగ్రాములు మించకూడదని ఐరోపా నిబంధన. అంటే వంద టన్నుల మిర్చికి ఒక్క గ్రాము! పరదా కప్పని ఒక రాత్రి ఆ గీత దాటడానికి చాలు.

పురుగుమందులది ఇంకో తంటా. సారం తీసినప్పుడు పది కిలోల కాయ ఒక కిలోకు దిగుతుందని చెప్పుకున్నాం కదా... కొవ్వులో కరిగే మందుల అవశేషాలు కూడా రంగుతో పాటే ఆ ఒక్క కిలోలోకి వచ్చి చేరతాయి. కాయలో ఓ మోస్తరుగా ఉన్నది సారంలో అనేక రెట్లవుతుంది. కూరలో చెంచా కారం వేసుకునే మనకంటే, సారం కొనేవాడు పది రెట్లు భయపడేది అందుకే. ఇక్కడ రైతును తప్పుపట్టడం తేలిక. 2021లో నల్ల తామర పురుగు పడినప్పుడు ఏం జరిగిందో గుర్తుందిగా? కళ్లముందే పూత రాలిపోతుంటే దుకాణదారు ఏ మందిస్తే అది, ఎన్నిసార్లంటే అన్నిసార్లు కొట్టారు. అయినా చాలామందికి పంట దక్కలేదు. తోటలు పీకేసిన వాళ్లున్నారు, ప్రాణాలు తీసుకున్న వాళ్లున్నారు. ఆ సమయంలో చేను గట్టుకొచ్చి ఏ మందు ఎప్పుడు ఆపాలో చెప్పే మనిషి ఉండటం సబ్సిడీ అంత అవసరం.

అందుకే ఈ పరిశ్రమకు విధానమంటూ రాస్తే మొదటి పేజీలో ఉండాల్సింది కల్లం. సిమెంటు చప్టా, పైన ఎండ తగిలే షెడ్డు, నేలకు తగలకుండా ఎండబెట్టే పరదాలు, ఊరికో ఆరబెట్టే యంత్రం. వీటికి ప్రారంభోత్సవాలు ఉండవు, రిబ్బన్లు కత్తిరించడానికి నాయకులూ రారు. పైగా కల్లం మీద పెద్ద రాజకీయమే నడిచింది. తెలంగాణలో అప్పటి ఉపాధి హామీ నిధులతో పంట ఆరబెట్టే కల్లాలు కట్టించారు. అది నిబంధనలకు విరుద్ధమని, దాదాపు 151 కోట్ల రూపాయలు వెనక్కి ఇవ్వాలని 2022లో కేంద్రం పట్టుబట్టింది. తీరప్రాంతంలో చేపలు ఆరబెట్టుకునే కల్లాలకు అనుమతి ఉన్నప్పుడు రైతు కల్లానికి ఎందుకు లేదని అప్పటి అధికారపక్షం రోడ్డెక్కింది. లెక్కల సంగతి ఎలా ఉన్నా, ఆ ప్రశ్నలో న్యాయముంది. ఎగుమతుల గురించి గొప్పగా మాట్లాడే ఢిల్లీ, చప్టా దగ్గరికొచ్చేసరికి పేచీ పెట్టింది.

ఒప్పందం ఎవరితో?

కంపెనీలే రైతులతో ఒప్పందాలు చేసుకుని, విత్తనం దగ్గర్నుంచి కోత దాకా వెంట ఉంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కొన్ని కంపెనీలు అలా చేస్తున్నాయి కూడా. అడ్డమేమిటంటే మన మిరప చేలల్లో చాలావాటిని సాగుచేసేది కౌలురైతులు. ఈ ఏడు ఈ చేను, వచ్చే ఏడు ఎక్కడో! పేరు మీద కాగితం ఉండదు కాబట్టి బ్యాంకు గడప ఎక్కనివ్వదు. పెట్టుబడి కమీషన్ ఏజెంటు ఇస్తాడు, పంట ఆయన కొట్టుకే రావాలి. ధర లేకపోతే సరుకు ‘ఏసీ’లో పెట్టిస్తాడు... గుంటూరులో శీతల గోదాములను అలాగే పిలుస్తారు. ఆ జిల్లాలోనే అవి వందకు పైగా ఉన్నాయి. అప్పు, అమ్మకం, నిల్వ మూడూ ఒకే గుప్పిట్లో ఉన్న రైతు ఏ ఫ్యాక్టరీతో ఒప్పందం రాసుకోగలడు? ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు మీద భూయజమాని సంతకం కావాలన్న నిబంధన దగ్గరే చాలామంది ఆగిపోయారు. మిరప సారానికీ కౌలు కార్డుకూ ఏమిటి సంబంధమని అధికారులు అడగొచ్చు. చాలా దగ్గరి సంబంధం.

కోసే చేతుల గురించి కూడా ఒక మాట. షింజియాంగ్‌లో యంత్రం కోస్తుంది. మన దగ్గర ఒకే చేనును విడతలు విడతలుగా, కాయ కాయగా మనుషులే కోయాలి. ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే పిల్లాజెల్లాతో లారీలెక్కి గుంటూరు వైపు వస్తాయి. చేల పక్కనే గుడారాలేసుకుంటాయి. తొడిమలు తీసే పని మరీ దారుణం. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ ఘాటులో కూర్చునే ఆడవాళ్ల చేతులు రాత్రి నీళ్లలో పెట్టినా మంట చల్లారదు. సారం తీసే ఫ్యాక్టరీకి తొడిమ లేని కాయే కావాలి. తొడిమ తీసే చిన్న యంత్రం మీద పరిశోధనకు ఖర్చుపెట్టడం ఏ పార్కుకన్నా తక్కువ పని కాదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... 2022లో వరంగల్ ఏనుమాములలో దేశీ మిర్చి క్వింటాలు 40 వేలు దాటినప్పుడు ఈ చర్చ ఎవరికీ పట్టలేదు. 2025 వచ్చేసరికి ధర కుప్పకూలింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ.11,781 ధర నిర్ణయించి, 2.58 లక్షల టన్నుల వరకూ ఆదుకుంటామని చెప్పింది. రైతులు పెట్టుబడి ఇంకా ఎక్కువైందని మొత్తుకున్నారు. ధర పడినప్పుడు కాయను నిల్వచేయడానికి రైతుకున్నది ఏసీ ఒక్కటే. అక్కడ అద్దె పెరుగుతూ ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ రంగు తగ్గుతూ ఉంటుంది. అదే సారంగా మారితే పది బస్తాల సరుకు ఒక్క బస్తా బరువుతో డ్రమ్ములో భద్రంగా కూర్చుంటుంది. పైగా ఫ్యాక్టరీకి కాయ అందంతో పనిలేదు. ముక్కలైనా, వంకరైనా, లోపల రంగూ కారం ఉంటే చాలు. యార్డులో మొహం తిప్పుకునే కాయకు కూడా ఓ కొనుగోలుదారు దొరుకుతాడు. ఫ్యాక్టరీ కావాలనడానికి నాకు కనిపించే గట్టి కారణం ఇదే. ఉద్యోగాల లెక్కలు చెబుతుంటారు కానీ ఇలాంటి ప్లాంటులో పనిచేసేవాళ్లు కొద్దిమందే.

గిరాకీకైతే కొదవలేదు. కృత్రిమ రంగుల మీద ప్రపంచమంతా అనుమానం పెరుగుతోంది. కొన్ని రంగులు కలిపితే పిల్లల ప్రవర్తన మీద ప్రభావం ఉండొచ్చని ఐరోపాలో 2010 నుంచి ప్యాకెట్ల మీద హెచ్చరిక రాస్తున్నారు. 2024లో కర్ణాటక ప్రభుత్వం కబాబుల్లో కృత్రిమ రంగుల్ని నిషేధించింది. 2025 జనవరిలో అమెరికా ‘రెడ్-3’ అనే రంగుకు ఆహారంలో అనుమతి రద్దుచేసింది. వాటి స్థానంలోకి రావడానికి బీట్‌రూట్‌తో పాటు మిరప కూడా వరసలో ఉంది.

రంగు కోసమే పుట్టినట్టుండే రకం ఒకటి మన దగ్గరే ఉంది. వరంగల్ చపాటా. టమాటాలా బొద్దుగా, ముదురు ఎరుపులో ఉంటుంది. కారం బహు తక్కువ. అందుకే దాన్ని టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పచ్చళ్లవాళ్లకూ సారం తీసేవాళ్లకూ అదంటే మోజు. దిగుబడి మాత్రం తక్కువ, రైతులు ఏటా కొత్త విత్తనం కొనకుండా సొంత విత్తనమే కట్టుకుంటారు. కాబట్టి విత్తన కంపెనీలకూ దానిమీద ఆసక్తి లేదు. దిగుబడి పెంచే పరిశోధన ప్రభుత్వమే చేయాలి, రంగు యూనిట్లు కొలిచి రేటు కట్టే ఏర్పాటు మార్కెట్లో పెట్టాలి. అప్పటిదాకా ఏనుమాములలో చపాటా బస్తా రేటు, చేత్తో తీసిన ఆ గుప్పెడు కాయ మీదే తేలుతుంది.